సుమ చెప్పిన డిమీటర్ కథ

శనివారం, రాత్రి

ఈరోజు మా సుమ వాళ్ళ నానమ్మకి, అంటే మా అత్తయ్యకి, తెలుగులో కథ చెప్పింది. బర్మాలో, యాంగన్‌లో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ ఇన్నాళ్ళూ నోరు విప్పేది కాదు.

బడి నాటకంలో దానిది డిమీటర్ వేషం, గ్రీకుల పంటల దేవత. ఆమె కూతుర్ని పాతాళరాజు ఎత్తుకుపోతే, ఆ తల్లి దుఃఖానికి భూమంతా ఎండిపోయిందట. మాట తట్టని చోట బర్మీస్ కలిపేసింది.

అత్తయ్య పప్పు ఏరడం ఆపేసింది. "పిల్ల తిరిగొచ్చినాదేటి?"

"వచ్చింది నానమ్మా. అప్పుడు మళ్ళీ పంటలు పండాయి."

ఆవిడ లేచి తన పెళ్ళినాటి పచ్చ పట్టుచీర తీసింది. టీచర్ తెల్ల దుప్పటి చుట్టుకోమన్నారని సుమ చెప్పింది.

"పంటలమ్మకి తెల్లదేటే? ఇది కట్టు."

టీచర్ ఏమంటారో మరి. ఇప్పుడు పక్కగదిలో ఇంకో గ్రీకు దేవత, ఎథీనా కథ నడుస్తోంది. "తెలివీ ఆవిడదే, యుద్ధమూ ఆవిడదే" అని సుమ చెబుతుంటే, అత్తయ్య ఒకటే నవ్వు.