పంపకాల్లో లేని చేను

30 ఏప్రిల్ 1989, ఆదివారం

తమ్ముడికి వీసా వచ్చింది. దుబాయ్. మే 26న బొంబాయిలో ఫ్లైట్. రెండేళ్లదాకా మళ్లీ కనబడడు.

అన్నకు చెప్పావా గంగాకిషన్ అని అడిగాను. చెప్పేటోళ్లు చెప్తరు తియ్యక్కా అన్నాడు. మూడేళ్లయింది వాళ్లిద్దరికీ మాటల్లేక. బాయి మోటరు వంతు దగ్గర మొదలైంది. అన్న ఒక తడి ఎక్కువ పెట్టుకున్నాడు, వీడి పసుపు ఒక మడి ఎండింది. నీ గడప తొక్క, నీ చేన్ల మెతుకు ముట్ట అని వీడు ఒట్టు పెట్టుకున్నాడు. నాది గూడ గదే ఒట్టు అన్నాడు అన్న. మా ఇంట్లో దేనికి కరువున్నా ఒట్లకు లేదు.

వీడు విమానం ఎక్కేలోపు ఇద్దరినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టి తినిపిస్తాను. పోయినవాడికి అక్కడ ఏమవుతుందో, అన్నకు ఇక్కడ బీపీతో ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆర్మూర్ టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో రోజుకు నూరు కాల్స్ కలుపుతాను. ఇద్దరు అన్నదమ్ములను కలపలేనా?

2 మే

ఒట్టులో ఉన్నవి గడప, చేను. పిక్నిక్‌లో రెండూ ఉండవు. అమ్మ పేరు చెప్పి ఇద్దరినీ ఒప్పించాను. ఆదివారం పోచంపాడ్ డ్యామ్ గార్డెన్.

తినే జాగా చూడటం నా డిపార్ట్‌మెంట్. బాసర పోయినా, సిద్ధులగుట్ట పోయినా మా ఆయన రాజేశ్వర్ సంచులు మోస్తాడు, నేను జాగా చూస్తాను. నీడ ఉండాలి, నీళ్లు దగ్గరుండాలి, కోతులు ఉండకూడదు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు.

7 మే, సాయంత్రం 6

ఫెయిల్.

జాగాకు వంక లేదు. మస్తు నీడ, పక్కనే నల్లా. కానీ అన్న ఒక చెట్టు చూసుకున్నాడు, తమ్ముడు ఇంకో చెట్టు చూసుకున్నాడు. ఎవరి టిఫిన్ క్యారియర్ వాళ్లదే. అమ్మ పాపం ఈ చెట్టు కింద రెండు ముద్దలు, ఆ చెట్టు కింద రెండు ముద్దలు తిని, చివరికి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కాళ్లు గుంజుతున్నయి బిడ్డా అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఎక్కడ తప్పిందో ఆలోచించాను. నీడ ఎక్కువైంది. నీడ ఎక్కువుంటే మనుషులు దూరం కూర్చుంటారు.

8 మే

ఒకరింట్లో వండింది ఇంకొకరు తినడం కూడా ఒట్టు కిందికే వస్తుందట. ఇద్దరూ లాయర్లు కావలసినవాళ్లు.

13 మే

అమ్మ కళ్లు చూపించుకోవడానికి ఆర్మూర్ దవాఖానకు వచ్చి, మా ఇంట్లో ఆగింది. రొట్టె తింటూ, మాటల్లో మాటగా, డ్యామ్ నీళ్లు ఎనుకకు పోయినయి, మన పాత చేను తేలిందట అంది. మేకలు కాసేవాళ్లు చూశారట. మోటబాయి మీద గిలక కట్టే నిలువు రాళ్లు రెండూ నిలబడే ఉన్నాయట.

బాపు చేను అది. డ్యామ్ కట్టినప్పుడు నీళ్ల కింద పోయింది. అప్పటికి అన్న పెళ్లే కాలేదు. బాపు పోయాక పంపకాల్లో అన్నీ రెండు చేశారు. భూములు, ఎడ్లు, పసుపు ఉడకబెట్టే కడాయిలు కూడా. ఆ చేను మాత్రం నీళ్లలో ఉంది కాబట్టి ఎవరూ దాని ఊసెత్తలేదు.

ఎవరి చేనూ కాదు. ఇద్దరిదీ. అమ్మకు ఇంకో రొట్టె వేశాను.

14 మే

ఈసారి బంతి ఆ చేనులోనే అని రాజేశ్వర్‌కు చెప్పాను. ఎండాకాలం, చెట్టు లేదు, నీళ్లు లేవు, నీ తెలివికి దండం పెట్టాలె అన్నాడు. దండం తర్వాత పెట్టు, ముందు టార్పాలిన్ తే అన్నాను. పసుపు అడ్తి దుకాణంలో గుమాస్తా, ఆ మాత్రం తేలేడా? ఒకటే చాలు, పెద్దది వద్దు అని రెండుసార్లు చెప్పాను.

19 మే

అన్న రానంటున్నాడని కబురు. ఆఫ్ పెట్టి నందిపేట్ బస్సెక్కి ఊరికి పోయాను. గది సర్కారు జాగ, గాడ మనం తినుడేంది అన్నాడు. అన్నా, నేను పిలిచేది బాపు చేన్లకు, సర్కారు ఆఫీసుకు కాదు అన్నాను. వదిన రామవ్వ మొహం తిప్పుకుని నవ్వింది. అన్న నవ్వలేదు. ట్రాక్టర్ మాట్లాడినవా, ఎన్నింటికి అని అడిగాడు. వంటంతా నాదేనని, ఎవరైనా గిన్నె తెస్తే గోదారిలో పారేస్తానని చెప్పి వచ్చాను.

21 మే, ఆదివారం, సాయంత్రం 7

ఒళ్లంతా మంటలు. మొహం నల్లగా మాడింది. రాయకుండా పడుకోలేను.

ట్రాక్టర్ తోలే ఎంకటి ఒడ్డు మీదే దింపేశాడు. మట్టి నెర్రెలు బారింది, ఇరుసు ఇరుగుతది, మూడింటికి వస్త అని వెళ్లిపోయాడు. అక్కడి నుంచి నడక. అమ్మ అందరికంటే ముందు నడిచింది.

కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు. మోటబాయి రాళ్లు రెండు, పూడుకుపోయిన బాయి, అంతే. టార్పాలిన్ రెండు మూలలు రాళ్లకు కట్టాం. మిగతా రెండు మూలలకు మేకులు కొడితే ఆ నెర్రెల్లో నిలబడలేదు. నిలబడవని నాకు ముందే తెలుసు. రాజేశ్వర్‌ను బిందె ఇచ్చి నీళ్లకు పంపాను. ఒక తాడు అన్న చేతికి, ఒక తాడు తమ్ముడి చేతికి ఇచ్చాను. ఒదిలితే అమ్మకు ఎండ తగులుతది అన్నాను. ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో రెండు గజాల దూరం కూడా లేదు. లేచిపోవడానికి లేదు.

వడ్డించాను. జొన్నరొట్టె, నాటుకోడి కూర, అన్నం. ఎడమ చేతిలో తాడు, కుడి చెయ్యి ముద్దకు ఖాళీ. ఇద్దరిలో ఎవరూ ముద్ద ఎత్తలేదు. మరదలు లసుమవ్వ నా వైపు చూసింది. నాకూ ఆ ఒక్క నిమిషం ధైర్యం జారింది. అమ్మ మాత్రం ఎవరినీ చూడకుండా తినడం మొదలుపెట్టింది.

గాలి లేచింది. తమ్ముడి వైపు టార్పాలిన్ ఎగిరి, అన్న ఇస్తరాకులో దుమ్ము పడింది. గట్టిగ పట్టురా, అన్నంల పడ్తది అని అరిచాడు అన్న. పట్టుకునే ఉన్న, నువ్వే గుంజుతున్నవ్ అని వీడు. మూడేళ్ల తర్వాత మొదటి మాటలు అవి. లసుమవ్వ గరిటె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

తర్వాత ఆగితే కదా. బాపు చేను గట్టు బాయికి గీ పక్క అని ఒకరు, గా పక్క అని ఒకరు. నీళ్లలో మునిగే చేనుకు గంట సేపు గట్టు పంచాయితీ. తింటూనే కొట్లాడారు. అన్న దుమ్ము పడ్డ ముద్ద పక్కన పెడితే తమ్ముడు తన రొట్టె సగం తుంచి అటు వేశాడు. వేసి, మళ్లీ గట్టు గురించే మాట్లాడాడు. అన్న ఆ రొట్టె తిన్నాడు.

నేను కూర అడుగంటిందని సాకు పెట్టి అటు తిరిగి కూర్చున్నాను. ఈసారి ఏడ్చాను.

ఇంతకంటే దిక్కుమాలిన జాగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇంతకంటే మంచి జాగా కూడా చూడలేదు.

26 మే, డ్యూటీలో

పొద్దున ఎనిమిదింటికే అన్న ఎక్స్చేంజ్‌కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పది దాటాక బొంబాయి ట్రంక్ కాల్. బూత్‌కి కలిపాను. వినకూడదని రూల్. విన్నాను.

తిన్నవారా అన్నాడు అన్న. ఇంకా తినలేదన్నాడు తమ్ముడు. అన్న రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. ఒక కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయాయి. వాళ్లు పెట్టేయలేదు. నేనూ లైన్ తీయలేదు.