నా వైరింగ్, ఆయన పేరు

శుక్రవారం రాత్రి, రియాద్

ఒళ్ళు మండిపోతోంది. నేను చేసిన ఆంప్లిఫయర్ ఇవాళే గుయ్‌మనకుండా పాడింది. భోజనానికొచ్చిన మా ఆయన స్నేహితుడు సురేష్ గారు "ఎవరు చేశారిది?" అనగానే మా ఆయన తడుముకోకుండా "నేనే" అన్నాడు. సోల్డరింగ్ పొగ వాసనే పడదు ఆ మనిషికి! నేను కూర వడ్డించాను.

సురేష్ గారు వదల్లేదు. "ఈ పాత బిల్డింగుల్లో 110 సాకెట్లూ 220 సాకెట్లూ రెండూ ఉంటాయిగా. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్‌ని దేనికి కలిపావు బాస్?"

"220కే," అన్నాడు మహా ధీమాగా.

"మరి ప్లగ్గు 110లో ఉందే! అందుకే సౌండు నీరసంగా ఉంది," అంటూ ఆయన ప్లగ్గు పీకి పక్క సాకెట్లో పెట్టబోయారు.

"ఆగండన్నయ్యగారూ! నేను కలిపింది 110కి. అందులో పెడితే కాలిపోతుంది!" గరిటె పట్టుకునే అరిచాను.

"ఓహో, చేసింది నువ్వామ్మా!" అని నవ్వారాయన. మా ఆయన పెరుగన్నం కలుపుతూ తలెత్తలేదు.

సురేష్ గారు వెళ్ళాక మా ఆయన సారీ చెబుతాడేమో అనుకున్నాను. "బయటివాళ్ళ ముందు పరువు తీశావు. మెల్లగా సైగ చేయొచ్చుగా," అన్నాడు.

సైగా? నూటపదికి ఏం సైగ ఉంటుంది? ఇప్పుడు హాల్లో ఆ ఆంప్లిఫయరే పెట్టుకుని హాయిగా పాటలు వింటున్నాడు. బాగుందని మాత్రం ఇంతవరకూ నాతో అనలేదు...