సున్నం వడకట్టే చీర

ఫాల్గుణం, 1961. శుక్రవారం.

పత్తి బేళ్లు నొక్కే ప్రెస్సుకి వెల్డింగ్ చేసిన ఇనప ప్లేటు సంగతి ఇవాళ తేలలేదు. అతుకు చల్లారాక ఇనుము లోలోపల బిగుసుకుని ఉంటుంది, కొందరు మనుషుల్లాగే. కోసి చూడలేం గనక పల్చగా సున్నం పూసి బరువు పెడతాం. బిగువెక్కువున్నచోట సున్నం ముందు చిట్లుతుంది. ఇవాళ ప్లేటంతా ఒకేసారి పెచ్చులూడింది, బిగువెక్కడుందో తెలియలేదు.

"బాబాయ్, ఇది పిన్ని కలిపిన సున్నం కాదే!" అన్నాడు ఫిట్టర్ కోటయ్య.

ఎలా అవుతుందిరా, మీ పిన్ని పోయి నెలైతే? ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి చీరలో వడకట్టేది. నేను కొత్త గుడ్డలో వడకడితే పలుకులు మిగిలాయి.

ఇంటికొచ్చి పెట్టె తీశాను. అలాంటి చీర ఒక్కటే ఉంది. ఇంకా ఆవిడ వాసనే. కానీ రేపు ఆ ప్రెస్సు పక్కన నిలబడేది కోటయ్య, ప్లేటు పగిలితే తగిలేది వాడికే. చింపాలి.

కత్తెర ఎక్కడ పెట్టేదో ఆవిడకే తెలుసు.