పాలసీ అంటే ఏటే?

ఆగస్టు 6

వలలైనా ఉత్తరాలైనా ఓపిగ్గా విప్పే నాన్నకి,

కామేశ్ మావ రేపు పలాసలో రైలెక్కి అంత దూరం గుజరాత్‌కి, నీ వీరావల్‌కి వచ్చి నీ బోటులోనే పనికి చేరుతున్నాడు కదా, అతని సంచిలో ఎండు నెత్తళ్ల పొట్లం కింద ఈ కాగితం పెడుతున్నాను. చేపల వాసన వస్తే తప్పు నాది కాదు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. మన ఇంట్లో ఫోనంటే స్పీకరే. నువ్వు నన్నొక మాట అడిగితే అమ్మ ఒక జవాబు చెబుతుంది, పక్కింటి కాంతమ్మత్త ఇంకొకటి చెబుతుంది. నా వంతు వచ్చేసరికి సిగ్నల్ పోతుంది.

నాన్నా, నాకు రెండు సీట్లు వచ్చాయి. విశాఖపట్నంలో మూడేళ్ల లా. బెంగళూరులో రెండేళ్ల పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వం పెట్టే రూల్సూ పథకాలూ ఎలా తయారవుతాయో, ఎక్కడ చెడిపోతాయో నేర్పే ఎం.ఏ. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయాలి. నా దగ్గరున్నది ఒక్క సెట్టే. ఇరవై అయిదో తేదీలోగా ఏదో ఒక చోటికి పంపాలి.

ఊళ్లో అందరి ఓటూ లాకే. రెండో దాని పేరు అమ్మ నోట విని కాంతమ్మత్త నిన్న గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది: "ఏలమ్మీ, పాలసీ కట్టించడానికి బెంగులూరెల్లాలేటి? మా తమ్ముడు టెక్కలిలోనే ఏడేళ్లనించి కట్టిత్తన్నాడు గదా!" బీమా పాలసీ కాదత్తా అని అరగంట చెప్పాను. అంతా విని, "అయితే మరి ఎవులైనా పోతే డబ్బులు రావా?" అంది. రావన్నాను. "అలాటి సదువెందుకే?" అంది.

అసలు సంగతికి రావడానికి ఇంత దూరం నడిచాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు టెక్కలి బస్టాండులో ఎవరో పెద్దాయనకి నన్ను చూపించి, "ఇది మా ఇంట్లో లాయరు" అన్నావు. ఆ మాట అంటున్నప్పుడు నీ ముఖం చూశాను నాన్నా. వల నిండా చందువలు పడిన రోజు కూడా నీ ముఖం అలా వెలగలేదు. అది నీ కోరిక అనుకున్నాను. డిగ్రీ మూడేళ్లూ దాన్ని మోశాను. లా ఎంట్రన్సు నీ కోసం రాశాను. పాలసీ ఎంట్రన్సు మాత్రం ఎవరికీ చెప్పకుండా, మందసలో పెళ్లికి వెళ్తున్నానని అబద్ధమాడి, నా కోసం రాశాను. నీ దగ్గర ఇంత కాలం దాచింది ఇదొక్కటే.

వేటకి వెళ్లేలోగా ఒక్క ఫోను చెయ్యి. స్పీకరు ఆపేసి ఉంచుతాను.

నీ మోహిని

*

ఆగస్టు 24

వేటలో ఉన్న నాన్నకి,

ఇది బోటు యజమాని చిరునామాకి పోస్టులో పంపుతున్నాను. రైలు ఆలస్యమై, తాడు విప్పేవేళకి పరుగెత్తి బోటెక్కానని కామేశ్ మావ ఒడ్డు కనబడుతుండగా మెసేజ్ పెట్టాడు. ఉత్తరం ఇంకా సంచిలోనే ఉందట! అంటే నువ్వు దాన్ని నడిసముద్రంలో చదివి ఉంటావు. అక్కడి నుంచి ఫోను రాదు. ఇక్కడ తేదీ ఆగదు.

మొన్న సోమవారం ఆరు గంటల బస్సుకి కాంతమ్మత్తా, ఇంకో నలుగురూ చేపల గంపలతో నిలబడ్డారు. కండక్టరు ఎక్కించుకోనన్నాడు. నేనూ అదే బస్సుకి వచ్చాను. ఊరుకుంటానా? "ఏ రూలు ప్రకారం? చూపించండి" అన్నాను. అతను మహా తాపీగా జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. కారే సామాను, వాసన వచ్చే సామాను ఎక్కించరాదు. ఉంది నాన్నా, నిజంగానే ఉంది. పావుగంట వాదించాను. బస్సులోవాళ్లు నన్ను మెచ్చుకున్నారు కూడా. బస్సు మాత్రం వెళ్లిపోయింది.

ఆటోలో పడి అందరం డిపోకి వెళ్లాం. అక్కడి పెద్దాయన మంచివాడే. "కండక్టరు తప్పేం లేదమ్మా. ఈ రూలు రాసినవాళ్లు ఏనాడూ చేపలమ్మి ఉండరు. అంతే" అన్నాడు.

తిరిగొస్తూ నౌపడలో టీ తాగుతూ కాంతమ్మత్తనడిగాను, కారకుండా తీసుకెళ్లడం ఎలా అని. "బిగుతు మూతున్న బకెట్లున్నాయి గదేటి. ఎవులడిగినారు మమ్మల్ని?" అంది. ఏ బస్సు, ఎన్ని బకెట్లు, వెనక ఎన్ని సీట్లు వదలాలి, దిగాక నేల కడిగేది ఎవరు, అన్నీ వాళ్లు చెబుతుంటే ఒకటిన్నర పేజీ రాశాను. మర్నాడు డిపోలో ఇచ్చాం. ఒక నెల చూద్దామన్నారు. శనివారం మొదటిసారి ఎక్కారు. కాంతమ్మత్త బకెట్టు కండక్టరు ముక్కు దగ్గరికి ఎత్తి, "వాసన సూడు బాబూ! నీ టిపినీ డబ్బా కన్నా నయం" అంది. బస్సంతా నవ్వు. అతనూ నవ్వాడు.

నాన్నా, ఆ పావుగంట వాదనలో నేను బాగా మాట్లాడాను. ఆ ఒకటిన్నర పేజీ రాసినప్పుడు మాత్రం ఆకలి కూడా తెలియలేదు. ఇంటికొచ్చి సర్టిఫికెట్లు కవరులో పెట్టాను. ఈ ఉదయం రిజిస్టరు పోస్టు చేశాను. బెంగళూరుకి.

నీ మాట రాకుండానే చేశాను. నీ ముఖంలో ఆనాటి వెలుగు ఆర్పేశానేమోనని పోస్టాఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. తిట్టాలనుంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ మోహిని

*

సెప్టెంబరు 3

మళ్లీ వేటకి బయల్దేరిన నాన్నకి,

మొన్న ఫోనులో నేను మాట్లాడింది తక్కువ, నవ్వింది ఎక్కువ. అందుకే ఈ కాగితం.

"నానెప్పుడన్నానే నిన్ను లాయరవ్వమని?" అన్నావు. బస్టాండు సంగతి గుర్తుచేశాను. "ఓలమ్మో! ఆ రోజు చందువ తలకాయి తమ్ముడికెందుకేసినావని పొద్దున్నించీ నా పేనం తీసినావు గదే! నీ నోరు సూసి అన్నాను గానీ సదువు సూసా? ఎన్నేళ్లనించో కేసు నడిపినావు, ఒక్కపాలి నన్నడిగినావేటి?"

అడగలేదు నాన్నా. ఇంత వాగుతాను కదా, అదొక్కటీ అడగలేదు. ఆ రోజు నీ ముఖంలో ఉన్నది నవ్వు ఆపుకోవడమట! దాన్ని నీ జీవితాశయం చేసి మూడేళ్లు మోశాను.

ఇక ఓట్లు! ఇరవై రోజులు చదవడానికి మరేదీ లేక నా మొదటి ఉత్తరం బోటంతా చదివిందన్నావు. ఆరుగురు లా, ఇద్దరు పాలసీ. కామేశ్ మావ లా పక్షమట, అతనికి కూర వడ్డించనని చెప్పు. వంట చేసే చిన్నారావు బాబాయి ఒక్కడూ అన్నాడట, "మోహిని గుంట ఏ సదువు సదివినా మనం గెలవలేం, ఒగ్గేయండి" అని. నువ్వు చెయ్యెత్తలేదన్నావు. ఎందుకని అడిగితే, "సర్టిపికెట్లు నాయేటి?" అన్నావు.

తర్వాత నెమ్మదిగా అడిగావు: "ఇంతకీ పాలసీ అంటే ఏటే?" రెండో ఉత్తరంలో రాసిన బస్సు సంగతంతా మళ్లీ చెప్పాను.   "అయితే వల కన్నులాటిదన్నమాట. పడిన సేప గురించి ఒడ్డు మీద తగూ తీర్చీవోడు లాయరు. ఏ సేప పడాలో, కన్ను ఎంతుండాలో ముందే సూసుకుని అల్లీది నీ సదువు. అంతేనా?" అన్నావు. ప్రవేశ పరీక్షలో నేను రెండు పేజీలు రాశాను ఇదే మాట చెప్పడానికి. దీన్ని బెంగళూరులో నాదని చెప్పేసుకుంటాను. ముందే చెబుతున్నాను.

ఎల్లుండి పలాసలో రైలు. అమ్మ మూడు కేజీల జీడిపప్పు, ఒక డబ్బా రొయ్యపొడి కట్టింది. కాంతమ్మత్త వాళ్ల తమ్ముడి ఫోను నంబరు రాసిచ్చింది, పాలసీలో ఏదైనా అర్థం కాకపోతే అడగమని.

సిగ్నల్ పోయే ముందు నువ్వు అడిగిన దానికి జవాబు బాకీ ఉండిపోయింది. "ఆ ఊళ్లో సముద్రం నేదు గదే, ఆ హోరు నేకుండా ఎలా తొంగుంటావు?" అన్నావు. నిన్నంతా దాని గురించే ఆలోచించాను. ఏం లేదు నాన్నా, హాస్టలు గదిలో మేము నలుగురం ఉంటామట. నలుగురికీ ఏదో ఒక దాని మీద అభిప్రాయం ఉండకపోదు. నిద్ర వచ్చేదాకా హోరు నేను పెడతాను.

నీ మోహిని