రెక్క ఎక్కడ ఆపాలంటే

వీబ్రన్ అన్నకి, నీ గాలిమర పక్కన అట్ల కొట్టు హిల్కే దండాలు.

ఎవరు పోయారన్నా? నడుం నొప్పికి వైద్యమని పట్నం పోతూ గాలిమర ఆపావు కదా, కింది రెక్క నిలువు దాటాక ఆగింది. మన దగ్గర అది చావు గుర్తు! ఊరంతా చూసింది. పాలకేంద్రం నడిపే క్లాస్ సంతాపంగా నల్ల టై కట్టేశాడు. శనివారం గాలిమరల పండగకి మూడు బస్సుల జనం రావాలా, చావింటికి ఏం వస్తామని రెండు బస్సులు మానుకున్నాయి. అరవై కిలోల పిండి తెచ్చి కూర్చున్నా. ఏడాదికి నా కొట్టు నిలబడేది ఆ ఒక్క రోజుతోనే. వెంటనే రాయి.

హిల్కే

తా.క. పోయింది నువ్వే అయితే జవాబు అక్కర్లేదు.

*

హిల్కే చెల్లికి, బతికున్న వీబ్రన్ రాసేది.

ఎవరూ పోలేదమ్మా! రైలు తప్పుతుందని హడావిడిగా బ్రేకు వేశా, రెక్క కాస్త దాటినట్టుంది. తాళం నీ దగ్గరుందిగా. నేను నేర్పినట్టే తాడు లాగి బ్రేకు వదులు, తర్వాతి రెక్క నిటారుగా కిందికి రాగానే ఆపెయ్. 'కాసేపట్లో వస్తా' అని అర్థం. అంతే.

వీబ్రన్

తా.క. నాకోసం ఎవరెంత ఏడ్చారో మాత్రం రాయి.

*

వీబ్రన్ అన్నా, కొంప ముంచాను.

తాడు లాగితే రెక్కలు గిర్రున తిరిగాయి. కంగారులో రెక్క నిలువుకి రాకముందే ఆపేశా. ముందు ఆగితే శుభకార్యమేగా! మళ్లీ కదుపుదామంటే గాలి పడిపోయింది. పొద్దున్నకల్లా ఊరు నీకు పెళ్లి చేసేసింది. రొట్టెల హెండ్రికా అయితే పెళ్లి కాదు, బిడ్డే అంటోంది. బిడ్డ పుడితే పంచే రస్కుల మీద సోంపు మిఠాయి ఆడపిల్లకని గులాబీది చల్లాలా, మగపిల్లాడికని నీలందా అని అడుగుతోంది. "అరవై నాలుగేళ్ల బ్రహ్మచారికి బిడ్డేంటే?" అంటే, "మరి నడుం నొప్పి ఊరికే వస్తుందా?" అంది!

ఇప్పుడు అయిదు బస్సులు వస్తాయట, పెళ్లికూతుర్ని చూడ్డానికి! ఎవర్ని చూపించను? అబద్ధమని తెలిస్తే ఇంక నా కొట్టు గడప ఎవరు తొక్కుతారు?

హిల్కే

తా.క. నీకొచ్చిన కానుకలు: తొమ్మిది పూలకుండీలు, ఒక మేక. మేక ఆరు కుండీలు తినేసింది.

*

హిల్కే చెల్లికి,

ఎవరికీ ఏం చెప్పకు. శనివారం పదింటి రైలుకి వస్తున్నాం. అవును, 'వస్తున్నాం'. నడుం నొప్పీ లేదు, వైద్యమూ లేదు. ఈ వయసులో పెళ్లంటే ఊరు నవ్వుతుందని సిగ్గేసి చెప్పకుండా వచ్చా. నిన్న పట్నం టౌన్‌హాల్లో నాకూ అలైదాకీ పెళ్లైపోయింది. అయిదు బస్సుల జనానికీ ధైర్యంగా అట్లు పొయ్యి.

వీబ్రన్, అలైదా

తా.క. దణ్ణం పెడతా, ఆ రెక్కని ఇంక ముట్టుకోకు!