అందరికీ ఒకే శాతం

గన్నవరం, 1978 జూలై, శనివారం రాత్రి

పెరిగిన జీతం ఇవాళ చేతికొచ్చింది.

సమ్మె గెలిచిన రోజు ఎయిర్‌పోర్టు గేటు మీటింగులో మద్రాసు నుంచి వచ్చిన మా యూనియన్ సెక్రటరీ గారు, "పైలట్ నుంచి లోడరు దాకా అందరికీ ఒకే శాతం! ఇక పెద్దా చిన్నా తేడా లేదు!" అని అరిస్తే, విమానాల్లోకి పెట్టెలు మోసే మేమే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాం. నేనైతే ఈల కూడా వేశాను. ఒకే శాతం అంటే అందరికీ ఒకే పెంపు అనుకున్నాను, నా మొహం.

మధ్యాహ్నం ఇంజనీరు ప్రసాదరావు గారు భుజం తట్టారు.

"స్కూటర్ బుక్ చేశానోయ్ దానియేలూ. నువ్వేం కొంటున్నావ్?"

"చూడాలండీ" అన్నాను. సమ్మె జరిగినన్నాళ్ళూ గేటు ముందు ఎండలో కూర్చున్నది మేము. ఆయన ఒక్కపూట వచ్చి ఫొటో దిగి వెళ్ళాడు.

ఇంటికొచ్చి కవరు మా ఆవిడ చేతిలో పెట్టాను. విప్పి చూసి, "వాయిదాల మీద ఫ్యాను కొందామన్నావుగా? పెరిగింది పిల్లదాని పాలకే చాలదు. మిగతాది ఏదయ్యా?" అంది. తాగేశాననుకుందో ఏమో. శాతం సంగతి నాకే ఇవాళ అర్థమైంది.

రేపు సాయంత్రం విజయోత్సవ సభ. లోడర్ల తరఫున సెక్రటరీ గారికి దండ నేనే వెయ్యాలట.

"నీ అంత గట్టిగా చప్పట్లు కొట్టినవాడు లేడు గదరా" అన్నారు యూనియన్ వాళ్ళు.

మిగతాది ఏదని ఆయన్నే అడగాలనుంది. కానీ నా చేతికి దండ ఇస్తారు గానీ, మైకెందుకిస్తారు?