నాలుగు డిగ్రీలు

అక్టోబర్ 14, 2019, ముఫులీర

ఎల్లుండి పన్నెండో క్లాసు కెమిస్ట్రీ ప్రాక్టికల్. కాపర్ సల్ఫేట్ నీళ్ళలో జింక్ పొడి వేసి, ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో రాయాలి. ఇవాళ నేనే చేసి చూశాను. పది పెరగాలి. నాలుగే పెరిగింది. మూడుసార్లూ అంతే. థర్మామీటర్ బాగానే ఉంది. జింకే చెమ్మ తగిలి గడ్డకట్టింది.

హెడ్‌మాస్టర్ సిముతోవె గారికి చెప్పాను. కొత్తది కావాలని జూన్‌లోనే రాసిచ్చానన్నాను. ఇప్పుడెక్కణ్ణించి తెమ్మంటారమ్మా, ఉన్నదాంతో కానివ్వండి అన్నారు.

అక్టోబర్ 16

పరీక్ష అయింది. మధ్యలో కసూబా చెయ్యెత్తింది. ఈ ఊరి రాగి గనిలో ఇంజినీరునవుతానంటూ తిరిగే పిల్ల. మేడమ్, నాకు నాలుగే వస్తోంది, పుస్తకంలో పది ఉంది, ఏది రాయను అంది. పక్కపిల్ల, పది రాసెయ్యవే పిచ్చిమొహమా అని గొణిగింది. నీ కంటికి కనబడిందే రాయి అన్నాను నేను.

రాసింది.

అదే రోజు, సాయంత్రం 4

టీచర్ రీడింగ్ కూడా కవర్‌లో పంపాలి. పిల్లల రీడింగ్‌ని దాంతో పోల్చే మార్కులేస్తారు. సిముతోవె గారు తలుపు వేసి కూర్చోబెట్టారు. నాలుగని రాస్తే ల్యాబ్ చూడ్డానికి పైనుంచి మనుషులొస్తారు, మీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు గుర్తుందా, పది రాయండి అన్నారు. పిల్లలు ఎలాగూ పుస్తకంలో ఉన్నదే రాసుంటారు లెండి అని నవ్వారు.

అక్టోబర్ 17

పది రాశాను. సంతకం పెట్టాను.

అక్టోబర్ 20, ఆదివారం

చర్చి బయట కసూబా తల్లి ఓ పొట్లం చేతిలో పెట్టింది, కపెంటా అనే చిన్న ఎండుచేపలు. మా పిల్లకి ధైర్యం చెప్పారట మేడమ్, మీ మేలు మరిచిపోం అంది. తీసుకున్నాను. వండుకుని తిన్నాను కూడా.

జనవరి 15, 2020

రిజల్ట్స్. పుస్తకంలో ఉన్న పది రాసినవాళ్ళంతా పాస్. కసూబా కెమిస్ట్రీ పోయింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. ఏడవలేదు. నేనే సరిగ్గా చూసి ఉండను కదా మేడమ్ అంది. కాదు అనడానికి ఒక్క మాట చాలు. మళ్ళీ రాయొచ్చులే అన్నాను.

ఫిబ్రవరి 3

పర్మనెంట్ చేస్తూ ఉత్తరం వచ్చింది. సిముతోవె గారు అందరి ముందూ చేయి కలిపారు.

మార్చి 9

మార్కెట్లో కసూబా తల్లి కనిపించింది. పిల్ల కళ్ళజోడు కావాలని పోరుతోందట. చూపులో ఏ లోపమూ లేదని డాక్టర్ అన్నాడట.

ఇంకో డాక్టర్‌కి చూపించమన్నాను.